ఫైనల్ ఫాంటసీ 14లో సమురాయ్ నేర్చుకోవడం: తప్పు ఎక్కడ జరుగుతోంది?

శేషు_తిరువాన్మియూర్:

అందరికీ నమస్కారం. నేను ఈ ఆన్‌లైన్ ఆట మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్లూ హీలర్‌గా, అంటే తోటివారి గాయాలు మాన్పే పాత్రలో, వైట్ మేజ్‌తోనే ఆడాను. అది 50వ స్థాయికి చేరగానే ఆటలోని ఉల్దా నగరానికి వెళ్లి సమురాయ్ జాబ్, అంటే కత్తివీరుడి వృత్తి, తెరుచుకున్నాను. కత్తి పట్టాలన్న కోరిక మొదటి నుంచీ ఉన్నదే. అయితే ఈ జాబ్ ఒకటో స్థాయి నుంచి కాక నేరుగా 50 నుంచే మొదలవుతుంది కనుక, ఒక్కొక్క స్కిల్‌నూ మెల్లగా అలవాటు చేసుకునే వీలు లేకుండా బటన్లన్నీ ఒక్కసారిగా తెర మీది హాట్‌బార్ అనే బటన్ల పట్టీ మీదికి వచ్చి పడ్డాయి.

నా ఇబ్బంది ఇది. డంజన్‌లో, అంటే జట్టుగా శత్రువులతో పోరాడే చోట, పార్టీ జాబితాలో ప్రతి పేరు పక్కనా, శత్రువుకు ఎవరి మీద ఎంత కోపం ఉందో చూపే చిన్న గీత ఉంటుంది కదా. శత్రువు కోపాన్ని తన మీదికి లాక్కునే ట్యాంక్ సంగతి పక్కన పెడితే, ఎవరు ఎక్కువ నష్టం చేస్తే వారి గీత అంత పెరుగుతుంది. నా గీత ఎప్పుడూ అడుగునే ఉంటోంది. మొన్న శనివారం రాత్రి నాతో వచ్చిన మాంక్ (మరో పోరాట జాబ్) కూడా నా స్థాయివారే, అయినా ఆయన గీత దరిదాపులకు కూడా నేను చేరలేదు. నేను చేతులు కట్టుకుని నిలబడడం లేదు, కాంబోలు (ఒక వరుసలో వేయవలసిన వేట్లు) తప్పడం లేదు, బటన్ వెలిగిన ప్రతిసారీ నొక్కుతున్నాను. చివర్లో పార్టీలో ఒకరు "కత్తి అందం కోసం పట్టుకున్నావా" అని రాసి వెళ్లిపోయారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. రాత్రి పదింటికి ఆఫీసు నుంచి వచ్చాక నాకు దొరికేది ఒక్క గంట. ఆ గంటను ఏ విధంగా వాడుకుంటే ఈ జాబ్ పట్టుబడుతుందో దయచేసి చెప్పండి.

గిరి_వేళచ్చేరి:

శేషు గారూ, సమురాయ్ ఈ ఆటలోకి వచ్చినది స్టార్మ్‌బ్లడ్ అనే విస్తరణతో, 2017 జూన్ 20న. ఆ వారం నుంచి నేను ఇదే ఆడుతున్నాను. మీకు తెలిసిన విషయాలే కావచ్చు, అయినా పునాది నుంచి చెబుతాను, ఎందుకంటే ఈ జాబ్‌లో పొరపాట్లన్నీ పునాదిలోనే దాక్కుని ఉంటాయి.

మూడు కాంబోలున్నాయి, మూడూ హకాజే అనే ఒకే వేటుతో మొదలవుతాయి. హకాజే తరువాత యుకికాజే వేస్తే మంచు గుర్తు వస్తుంది, దాని పేరు సెత్సు. హకాజే, జిన్‌పూ, గెక్కో వరుసగా వేస్తే చంద్రుడి గుర్తు గెత్సు వస్తుంది. హకాజే, షిఫూ, కాషా వేస్తే పువ్వు గుర్తు కా వస్తుంది. ఈ గుర్తుల్నే సెన్ అంటారు. మంచు, చంద్రుడు, పువ్వు అనే కూర్పు ఆట తయారుచేసినవారు కల్పించినది కాదు. తాంగ్ కాలపు చైనా కవి బాయ్ జుయి కవిత నుంచి జపానుకు వెళ్లి అక్కడి కళలన్నింటిలోనూ స్థిరపడిన మాట అది. పేర్ల వెనుక అర్థం తెలిస్తే బటన్లు తొందరగా గుర్తుంటాయి కాబట్టి చెబుతున్నాను.

ఇక ఇయాయ్‌జుత్సు అంటే కత్తిని ఒరలోంచి దూస్తూ ఆ దూయడంలోనే వేసే వేటు. మీ దగ్గర ఎన్ని సెన్‌లున్నాయో దాన్నిబట్టి ఈ ఒక్క బటన్ మూడు రూపాలు తీసుకుంటుంది. ఒక సెన్ ఉంటే హిగన్‌బానా, రెండుంటే తెన్కా గోకెన్, మూడుంటే మిదారే సెత్సుగెక్కా. హిగన్‌బానా శత్రువు ఒంట్లో 60 సెకన్ల పాటు ఉండి, మూడు సెకన్లకోసారి చొప్పున ఇరవై సార్లు నష్టం చేస్తుంది. మిదారే మీ అన్నింటికంటే పెద్ద వేటు.

జిన్‌పూ వేసినప్పుడు మీకు ఫుగెత్సు అనే బఫ్, అంటే తాత్కాలిక బలం, వచ్చి మీ స్థాయిలో 40 సెకన్ల పాటు మీరు చేసే నష్టం 10 శాతం పెరుగుతుంది. షిఫూ వేస్తే ఫుకా వచ్చి మీ వేట్ల మధ్య వ్యవధి 10 శాతం తగ్గుతుంది, 2.5 సెకన్లకు ఒక వేటు పడే చోట 2.25 సెకన్లకు ఒకటి పడుతుంది. ఈ రెండూ ఎప్పుడూ ఆరిపోకూడదు. హిగన్‌బానా వేసే క్షణంలో ఫుగెత్సు ఉంటే ఆ పెంపు అరవై సెకన్లూ దానితోనే ఉంటుంది, లేకుంటే అరవై సెకన్లూ ఉండదు. కనుక ఫుగెత్సు లేకుండా హిగన్‌బానా వేయకండి.

వేణు_తొరైపాక్కం:

మీ పింగ్ (సంకేతం సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) ఎంత, ఏ డేటా సెంటర్‌లో (ఆట సర్వర్లున్న చోటు) ఆడుతున్నారు, వైఫైనా కేబులా అన్న మూడు విషయాలు కూడా రాయండి. తరువాత వివరంగా చెబుతాను.

పద్మజ_పెరంబూరు:

శేషు గారూ, సలహా చెప్పేముందు నాకొక చిన్న సాయం చేయండి. ఆటలో ఊరి బయట ఉన్న స్ట్రైకింగ్ డమ్మీ అనే సాధన బొమ్మ దగ్గరకు వెళ్లి, ఒక నిమిషం పాటు మీరు మామూలుగా ఆడినట్టే ఆడి, ఏ వేటు తరువాత ఏ వేటు వేశారో వరుసగా కాగితం మీద రాసి ఇక్కడ పెట్టండి. బాగా ఆడాలని ప్రయత్నించవద్దు. శనివారం డంజన్‌లో ఎలా ఆడారో అలాగే ఆడండి.

శేషు_తిరువాన్మియూర్:

వేణు గారూ, జపాన్ డేటా సెంటర్, పింగ్ 120 నుంచి 190 మధ్య ఊగుతూ ఉంటుంది, వైఫై.

పద్మజ గారూ, స్క్రీన్ రికార్డు చేసి, దాన్ని ఆపి ఆపి చూసి రాశాను. హకాజే, జిన్‌పూ, గెక్కో. హకాజే, షిఫూ, కాషా. ఇయాయ్‌జుత్సు. మళ్లీ హకాజే, జిన్‌పూ, గెక్కో, హకాజే, షిఫూ, కాషా, ఇయాయ్‌జుత్సు. నిమిషమంతా ఇదే వరుస. యుకికాజే ఒకే ఒక్కసారి, అది కూడా ఆఖర్లో వేశాను. గెక్కో, కాషా మాత్రమే బఫ్‌ల కాంబోలు కాబట్టి వాటినే గట్టిగా పట్టుకోవాలని అనుకున్నాను.

పద్మజ_పెరంబూరు:

మీ తప్పు దొరికింది. మీరు రాసిన వరుసను వేళ్ల మీద లెక్కపెట్టండి: మూడు, మూడు, ఒకటి. ఏడు వస్తుంది. రావలసింది తొమ్మిది.

కాషా పడగానే మీ దగ్గర రెండు సెన్‌లుంటాయి. ఇయాయ్‌జుత్సు బటన్ వెలుగుతుంది. వెలిగింది కదా అని మీరు నొక్కుతున్నారు. అప్పుడు బయటికి వచ్చేది తెన్కా గోకెన్. అది చుట్టూ మూగిన గుంపు కోసం ఉన్న వేటు. ఒంటరిగా నిలబడ్డ బాస్, అంటే డంజన్‌లోని పెద్ద శత్రువు, మీద అది పెట్టే దెబ్బకు మిదారే పెట్టే దెబ్బ రెట్టింపుకు పైనే ఉంటుంది. మరో రెండు వేట్లు, అంటే నాలుగున్నర సెకన్లు, ఓపిక పడితే మంచు గుర్తు కూడా వచ్చి చేరేది. మీరు ప్రతి చుట్టులోనూ గమ్యానికి రెండడుగుల ముందే ఆగిపోతున్నారు. కాంబోలు ఒక్కటీ తప్పలేదు కాబట్టి మీకు తప్పు కనబడలేదు.

నేను ఇంట్లో పిల్లలకు మృదంగం నేర్పుతాను. మా అబ్బాయి పదో తరగతి పరీక్షల తరువాత ఈ ఆట మొదలుపెట్టి నన్ను కూడా కూర్చోబెట్టాడు. ఎన్ని గైడ్‌లు చదివినా నాకు వరుస నిలవలేదు. తాళంలో పెట్టుకున్న రోజున నిలిచింది. మీకు కర్ణాటక సంగీతం రాకపోయినా ఇది పనిచేస్తుంది, ఎందుకంటే ఇందులో కావలసింది తొమ్మిది దాకా లెక్క మాత్రమే.

సంకీర్ణ జాతి ఏక తాళానికి తొమ్మిది అక్షరాలు. అరచేత్తో ఒక ఘాత వేసి, చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి ఎనిమిది వేళ్లు లెక్కపెడతాము. ఆ ఎనిమిది వేళ్లూ ఎనిమిది వేట్లనుకోండి. చిటికెన వేలు హకాజే, ఉంగరం వేలు జిన్‌పూ, నడిమి వేలు గెక్కో. చూపుడు వేలు హకాజే, బొటనవేలు షిఫూ, మళ్లీ చిటికెన వేలికి వచ్చి కాషా. ఉంగరం వేలు హకాజే, నడిమి వేలు యుకికాజే. అక్కడితో వేళ్లు పూర్తి. ఇక అరచెయ్యి తొడ మీద పడాలి, అదే మిదారే. నోటితో చెప్పాలంటే "తకిట తకిట తక, తాం." ఈ "తాం" వచ్చేదాకా ఇయాయ్‌జుత్సు బటన్ ఎంత వెలిగినా మీ వేలు దాని మీదికి పోకూడదు.

తొమ్మిది వేట్లు 2.25 సెకన్ల చొప్పున వేస్తే ఒక ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, సుమారు ఇరవై సెకన్లు అవుతుంది. ఒక్కొక్క ఆవర్తంలో జిన్‌పూ ఒకసారి, షిఫూ ఒకసారి పడతాయి కాబట్టి 40 సెకన్ల బఫ్‌లు వాటంతటవే నిలబడతాయి. వాటి కోసం ప్రత్యేకంగా కంగారు పడనక్కరలేదు.

మిగతా లెక్కలు కూడా ఇలాగే కుదురుతాయి. హిగన్‌బానా కోసం హకాజే, యుకికాజే వేసి దూస్తే మొత్తం మూడు, అది తిశ్రం. మెయిక్యో షిసుయి నొక్కితే తరువాతి మూడు వేట్లకు కాంబో అవసరం ఉండదు కాబట్టి గెక్కో, కాషా, యుకికాజే నేరుగా వేసి మిదారే దూయవచ్చు, మొత్తం నాలుగు, అది చతురశ్రం. ముగ్గురు లేక అంతకంటే ఎక్కువ మంది మూగినప్పుడు ఫుగా, మంగెత్సు, ఫుగా, ఓకా వేసి తెన్కా గోకెన్ దూస్తే అయిదు, అది ఖండం. తెన్కా గోకెన్ చోటు అక్కడ. అయిదు జాతుల్లోనూ ఈ జాబ్‌కు పనికిరానిది మిశ్రం, అంటే ఏడు. మీరు శనివారం రాత్రంతా మిశ్రంలో ఆడారు.

శేషు_తిరువాన్మియూర్:

పద్మజ గారూ, మీ సమాధానం చదివి రాత్రి పన్నెండు దాకా కూర్చున్నాను. వెలిగిన బటన్ నొక్కవలసిన బటన్ అన్న అలవాటు హీలర్‌గా ఆడిన రోజుల నుంచి వచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది. అక్కడ వెలిగినదాన్ని నొక్కకపోతే మనిషి పోతాడు. ఎనిమిదో వేలి దాకా ఆగడం మొదట చాలా కష్టమైంది. కాషా తరువాత చెయ్యి తనంతట తానే ఇయాయ్‌జుత్సు మీదికి వెళ్లింది. కొంతసేపు ఆ బటన్‌ను హాట్‌బార్ మీద నుంచి తీసేసి, నోటితో "తాం" అని మాత్రమే అంటూ ఆడాను. ఇరవై ఆవర్తాల తరువాత మళ్లీ పెట్టాను. అప్పుడు చెయ్యి ఆగింది.

ఒక సందేహం. మిదారే ఎప్పుడు, హిగన్‌బానా ఎప్పుడు అన్నది నిమిషం లెక్కలో ఎలా సర్దాలి?

గిరి_వేళచ్చేరి:

నిమిషంలో సుమారు ఇరవై ఏడు వేట్లు పడతాయి. మెయిక్యో షిసుయి 55 సెకన్లకోసారి చేతికి వస్తుంది. కాబట్టి నిమిషానికి తొమ్మిది వేట్ల ఆవర్తాలు రెండు, మెయిక్యోతో నాలుగు వేట్లది ఒకటి, హిగన్‌బానా కోసం మూడు వేట్లు: మొత్తం ఇరవై అయిదు. మిగిలిన రెండు వేట్లను తరువాతి ఆవర్తానికి హకాజే, యుకికాజేగా ముందే వేసి ఉంచుకోవచ్చు. హిగన్‌బానా మిగిలిన సమయం నాలుగైదు సెకన్లకు దిగినప్పుడు దాన్ని కొత్తగా వేయండి; ఇరవై సెకన్లు ఉండగానే వేస్తే ఆ ఇరవై సెకన్లూ నీళ్లలో పోసినట్టే. చావుకు దగ్గరైన శత్రువు మీద మాత్రం హిగన్‌బానా వద్దు.

అయితే తాళం విషయంలో నాకొక అభ్యంతరం ఉంది, పద్మజ గారు అన్యథా భావించకూడదు. డమ్మీ కదలదు, బాస్ కదులుతుంది. ఒక్కొక్క బాస్ అయిదారు సెకన్లు తెరమీద నుంచి మాయమవుతుంది. ఒక్కొక్కటి మనల్ని గది మూలకు తోసేస్తుంది. ఆవర్తం మధ్యలో అయిదో వేలి దగ్గర తెగిపోతే, తాళానికి అలవాటుపడ్డ ఆటగాడు మళ్లీ మొదటి వేలి నుంచి లెక్క మొదలుపెట్టడం నేను చూశాను. సెన్‌లకు గడువు లేదు. అప్పటికే ఉన్న చంద్రుణ్ణి మరిచిపోయి మళ్లీ గెక్కో వేస్తే ఆ వేట్లు సెన్ లేకుండా పోతాయి. లెక్కకన్నా సెన్ గుర్తుల్ని చూడడం అలవాటు చేసుకోమని నా సలహా. తెర మీద ఆ గుర్తులు కనిపించే గేజ్‌ను మీ పాత్ర పాదాల దగ్గరికి జరుపుకోండి, కన్ను దూరం పోనక్కరలేకుండా.

పద్మజ_పెరంబూరు:

గిరి గారి అభ్యంతరం న్యాయమైనదే. నేను లెక్కను సెన్ గేజ్‌కు బదులుగా చెప్పలేదు. చెయ్యి దారి తప్పకుండా ఉండడానికి చెప్పాను. కచేరీలో గాయకుడు నిరవలులో ఎక్కడికి వెళ్లినా మృదంగం లోపలి లెక్క ఆగదు. చెయ్యి ఆగినా లెక్క నడుస్తుంది. బాస్ మాయమైనప్పుడు కూడా మీరు ఏ వేలి మీద ఆగారో ఆ వేలిని నొక్కి పట్టుకుని ఉండండి. తిరిగి రాగానే అక్కడి నుంచే కదలండి. కాంబోకు 30 సెకన్ల గడువు ఉంది, అది చాలా ఎక్కువ.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో కరెంటు, నెట్ రెండూ పోయాయి. కొవ్వొత్తి ముందు కూర్చుని మా అబ్బాయి బల్ల మీద వేళ్లతో ఈ తొమ్మిదినే కొట్టేవాడు. నేను మధ్యమధ్య "ఆపు" అనేదాన్ని. కాసేపాగి "సాగించు" అంటే ఆపిన వేలి నుంచే అందుకోవాలి. రెండో సాయంత్రానికి వాడు ఒక్కసారి కూడా తప్పలేదు. నెట్ వచ్చాక మొదటి బాస్ దగ్గరే ఆ తేడా తెలిసింది. ఆట తెరవకుండానే సాధన చేయవచ్చని అప్పుడే నాకు నమ్మకం కుదిరింది.

రాఘవ_అంబత్తూరు:

చేతుల సంగతి పెద్దలు చెప్పారు కనుక నేను కాళ్ల సంగతి చెబుతాను. ఇక్కడ ఆరేళ్లుగా సిలంబం నేర్చుకుంటున్నాను. మన కర్రసాములాంటిదే. మా గురువు గారు మొదటి మూడు నెలలు చేతికి కర్ర ఇవ్వలేదు, కాలడి మాత్రమే నేర్పారు. కాలు ముందు చేరాలి, దెబ్బ తరువాత పడాలి అన్నది ఆయన పాఠం. సమురాయ్‌కు ఈ పాఠం అక్షరాలా వర్తిస్తుంది.

గెక్కోను శత్రువు వెనుక నుంచి, కాషాను పక్క నుంచి వేస్తే అదనపు బలం ఉంటుంది. శత్రువు కాళ్ల కింద ఉన్న వలయం చూడండి. ముందు వైపు బాణపు గుర్తు ఉంటుంది, వలయం నాలుగు భాగాలు. చాలామంది గెక్కో బటన్ నొక్కే క్షణంలో వెనక్కి పరుగెత్తుతారు. అప్పటికి ఆలస్యమైపోతుంది. "తకిట" మూడు అక్షరాల్లో స్థానం అవసరమైనది "ట"కు మాత్రమే. "త", "కి" పడుతుండగా మీకు నాలుగు సెకన్లకు పైగా సమయం ఉంది, నడిచి వెళ్లినా చేరవచ్చు. పద్మజ గారి వేళ్ల లెక్కలో చెప్పాలంటే, మొదటి నడిమి వేలికి వెనుక ఉండాలి, రెండోసారి వచ్చే చిటికెన వేలికి పక్కన ఉండాలి. మిగతా వేళ్లకు ఎక్కడున్నా ఫరవాలేదు.

నిలబడే చోటు కూడా ముఖ్యం. వీపు భాగమూ పక్క భాగమూ కలిసే గీత మీద నిలబడితే ఒక్క అడుగు ఇటు వేస్తే వెనుక, ఒక్క అడుగు అటు వేస్తే పక్క. నేను మొదట్లో బాస్ చుట్టూ సగం వలయం తిరిగేవాణ్ణి. ఇప్పుడు నా పాత్ర ఆ గీతకు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది, అంతే. బాస్ గోడకు ఆనుకుని వెనుక చోటు లేనప్పుడు ట్రూ నార్త్ వాడండి. పది సెకన్ల పాటు స్థానం పట్టింపు ఉండదు. రెండుసార్లు నిల్వ ఉంటుంది, ఒక్కొక్కటి 45 సెకన్లకు తిరిగి వస్తుంది. దాన్ని దాచుకుని దాచుకుని చివరకు వాడకుండా పోరాటం ముగించేవారు ఎక్కువ. వాడండి.

శేషు_తిరువాన్మియూర్:

రాఘవ గారూ, ట్యాంక్ బాస్‌ను మాటిమాటికీ తిప్పుతూ ఉంటే?

రాఘవ_అంబత్తూరు:

మర్యాదగా ఒక్క మాట రాయండి, "వీలైతే బాస్‌ను కదపకుండా ఉంచగలరా" అని. చాలామంది వింటారు. వినకపోతే స్థానం వదిలేసి వేట్లు మాత్రం ఆపకండి. తప్పు స్థానం నుంచి పడిన వేటుకు కూడా సెన్ వస్తుంది. పడని వేటుకు ఏమీ రాదు.

వేణు_తొరైపాక్కం:

ఇక నా వంతు. నేను నెట్‌వర్క్ పనిలో ఉన్నాను కాబట్టి ఈ లెక్క చాలాసార్లు వేసుకున్నాను.

చెన్నైలో ఉండడం మనకు ఒక మేలు. సముద్రగర్భ కేబుళ్లు మన తీరానికే వచ్చి దిగుతాయి. 2002లో చెన్నై నుంచి సింగపూరుకు వేసిన ఐ2ఐ కేబుల్ పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, కాబట్టి సింగపూరుకు వెళ్లి రావడానికి 32 మిల్లీసెకన్లు పడుతుంది. అక్కడి నుంచి టోక్యో మరో 5,300 కిలోమీటర్లు, అదీ ఆకాశమార్గాన. అంటే ఈ దారిన చెన్నై నుంచి జపాన్ సర్వర్‌కు పింగ్ ఎంత బాగున్నా 85 కంటే తగ్గడం ప్రకృతి ఒప్పుకోదు. 2022 జనవరిలో తెరిచిన మెటీరియా డేటా సెంటర్ ఆస్ట్రేలియాలో ఉంది. సింగపూరు మీదుగా లెక్కేస్తే అది టోక్యో కన్నా దూరం. కాబట్టి మీరు జపాన్‌లో ఉండడం సరైన నిర్ణయమే.

పింగ్ కత్తికి ఎలా అడ్డుపడుతుందో చూద్దాం. ఈ ఆటలో ఏ స్కిల్ వేసినా సుమారు 0.6 సెకన్లు మరొకటి వేయకుండా చెయ్యి కట్టేసినట్టుంటుంది. సర్వర్ నుంచి జవాబు వచ్చేదాకా ఆ లెక్క మొదలుకాదు కనుక మీ పింగ్ దానికి తోడవుతుంది. రెండు వేట్ల మధ్య 2.25 సెకన్లలో మీరు మరో రెండు స్కిల్స్ దూర్చాలనుకుందాం. వేటుకు ఒకటి, వాటికి రెండు, మొత్తం మూడు కట్లు. పింగ్ 100 అయితే 0.7 చొప్పున మూడింటికి 2.1 సెకన్లు, ఇరుకుగా సరిపోతుంది. పింగ్ 150 అయితే 0.75 చొప్పున 2.25 సెకన్లు, వెసులుబాటు ఏమీ మిగలదు. 190 అయితే 2.37 సెకన్లు, తరువాతి వేటు ఆలస్యమవుతుంది. పోరాటమంతా ఇలా జరిగితే పద్మజ గారి ఆవర్తం సాగుతూ పోయి, నిమిషానికి ఒకటి రెండు వేట్లు మాయమవుతాయి.

కాబట్టి మీరు రెండు వేట్ల మధ్య ఒక్క స్కిల్ మాత్రమే వేయండి. 52వ స్థాయిలో మీకు షిన్‌టెన్ అనే స్కిల్ వస్తుంది, దానికి వేట్లతో నిండే కెంకి గేజ్‌లో 25 ఖర్చు. పోరాటంలో అటువంటివి ఎన్నో పడతాయి. వాటిని పక్కపక్కన కాక ఒక్కొక్క వేటు తరువాత ఒక్కొక్కటిగా వేస్తే మీ పింగ్‌కు ఏ ఇబ్బందీ లేదు. అయితే 120కీ 190కీ మధ్య ఊగడమే అసలు సమస్య, ఎందుకంటే 150 దగ్గర నిలకడగా ఉంటే చెయ్యి దానికి అలవాటుపడుతుంది కాని, ఊగుతూ ఉంటే ఏ రోజుకూ అలవాటుపడదు. రౌటర్ నుంచి ల్యాన్ తీగ లాగండి. మా ఇంట్లో రెండు గోడలు దాటి వచ్చే వైఫైని వదిలి పదిహేను మీటర్ల తీగ తెచ్చి కిటికీ పక్క నుంచి లాగిన రోజున ఆ ఊగడం ఆగింది. అప్పటికీ ఆగకపోతే ట్రేస్‌రూట్, అంటే సంకేతం ఏ దారిన పోతోందో చూపే పరీక్ష, చూడండి. నాకు ఇంతకు ముందున్న సర్వీసు వారు ఒక నెలంతా నా ట్రాఫిక్‌ను పడమటి వైపు తిప్పి పంపారు, పింగ్ 300 దాటింది. ట్రేస్‌రూట్ జతచేసి నాలుగుసార్లు ఫిర్యాదు చేశాకే తూర్పు దారికి మార్చారు.

లలిత_సౌకార్‌పేట:

హీలర్‌గా ఆడేదాన్ని కాబట్టి ఒక్క విషయం చెబుతాను. శేషు గారు కూడా హీలర్‌గా ఆడినవారే కనుక అర్థం చేసుకుంటారు.

ఇయాయ్‌జుత్సుకు కొద్దిసేపు కదలకుండా నిలబడాలి. ఆ కొద్దిసేపులోనే, శత్రువు దెబ్బ పడబోయే చోట, నేల మీద నారింజ రంగు గుర్తు పడుతుంది. మిదారే పూర్తి చేయాలన్న పట్టుదలతో ఆ గుర్తులోనే నిలబడి చనిపోయిన సమురాయ్‌లను నేను వారానికి పదిమందినైనా లేపుతాను. లేచినవారికి బలహీనత ఉంటుంది, ఫుగెత్సు, ఫుకా రెండూ పోయి ఉంటాయి, చేతిలో సెన్‌లుండవు. ఒక్క మిదారే కోసం మొత్తం పోగొట్టుకున్నట్టే. వేటు సిద్ధమయ్యేదాకా తెర మీద నిండే కాస్టింగ్ గీత నిండడానికి అర సెకను ముందు కదిలినా వేటు పడుతుంది. ఆ అర సెకను డమ్మీ దగ్గరే సాధన చేయండి: గీత దాదాపు నిండగానే ఒక అడుగు పక్కకు వేయడం, మళ్లీ, మళ్లీ. సమయం లేదనిపిస్తే దూయడం ఆపి పక్కకు రండి. సెన్‌లు ఎక్కడికీ పోవు, గిరి గారు చెప్పారు కదా.

మీ గాయాలను మీరే మాన్పుకునే సెకండ్ విండ్, బ్లడ్‌బాత్ కూడా మీ దగ్గర ఉన్నాయి. వాటిని మీరే వేసుకుంటే నాకు ఒక మంత్రం మిగులుతుంది.

శేషు_తిరువాన్మియూర్:

మూడు వారాల తరువాత రాస్తున్నాను. అందరూ చెప్పినవి ఒకేసారి మొదలుపెట్టలేదు. మొదటి వారమంతా డమ్మీ దగ్గర తొమ్మిది మాత్రమే. ఓఎంఆర్ రోడ్డు మీద బస్సులో నిలబడి పైకమ్మీ పట్టుకున్న చేతి వేళ్లతో కూడా అదే లెక్క. రెండో వారం ల్యాన్ తీగ లాగించాను, పింగ్ 118 నుంచి 125 మధ్య నిలిచింది. ఆ తేడా మొదటి నిమిషంలోనే తెలిసింది. షిన్‌టెన్ తరువాత చెయ్యి ఆగి ఎదురుచూసే ఆ చిన్న తడబాటు పోయింది. మూడో వారం కాళ్లు.

నిన్న రాత్రి డంజన్‌లో చివరి బాస్ దగ్గర ఒక సంగతి జరిగింది. ఏడో వేలి మీద ఉండగా, అంటే చంద్రుడూ పువ్వూ చేతిలో ఉండి మంచు కోసం హకాజే వేసిన క్షణంలో, బాస్ మాయమైంది. ఉంగరం వేలిని బొటనవేలితో నొక్కి పట్టుకున్నాను. ఆరు సెకన్ల తరువాత అది గదికి అవతలి వైపు దిగింది. పరుగెత్తి చేరి, యుకికాజే వేసి, మిదారే దూశాను. కాస్టింగ్ గీత నిండే ముందు కాళ్ల కింద నారింజ రంగు పడింది, ఆఖరి అర సెకనులో ఒక అడుగు పక్కకు వేశాను, వేటు పడింది, నేను బతికే ఉన్నాను. పార్టీ జాబితాలో నా కోపపు గీత ట్యాంక్ తరువాత రెండో స్థానంలో ఉంది. నాతో వచ్చిన బార్డ్ (మరో పోరాట జాబ్) అప్పటికే నాకంటే వెనుకబడ్డారు.

ఇంకా లోపాలున్నాయి. రికార్డు చూస్తే పది కాషాలలో మూడు పక్క నుంచి కాక వెనుక నుంచే పడ్డాయి. గెక్కో తరువాత కాలు కదపడం మరిచిపోతున్నాను. ఖండం, అంటే గుంపుల మీద అయిదు వేట్ల లెక్క, ఇంకా తడబడుతోంది. రెండో ఫుగా బదులు అలవాటుగా హకాజే పడుతోంది.

రాఘవ_అంబత్తూరు:

కాషా కోసం ఒక పని చేయండి. రెండో హకాజే, అంటే చూపుడు వేలు పడే క్షణాన్నే అడుగు పక్కకు వేయండి, షిఫూ దాకా ఆగవద్దు. వారం రోజులు అలా చేస్తే చూపుడు వేలే కాలిని కదుపుతుంది.

పద్మజ_పెరంబూరు:

శేషు గారూ, ఖండానికి ఫుగా, మంగెత్సు, ఓకా బటన్లను హకాజే వరుసకు సరిగ్గా పైన పెట్టుకోండి. చెయ్యి ఒక వరుస పైకి జరిగితే లెక్క అయిదుకు మారిందని గుర్తు. "తక తక తాం" అని రెండు వందల సార్లు చెప్పండి, బటన్లు ఆ తరువాత. 68వ స్థాయిలో హగకురే వచ్చాక సెన్‌లను కెంకిగా మార్చుకునే వీలుంటుంది, అప్పుడు నిమిషం లెక్క మళ్లీ మారుతుంది. అక్కడికి చేరినప్పుడు ఇక్కడే అడగండి.

లలిత_సౌకార్‌పేట:

శనివారం రాత్రి పదిన్నరకు నేను ఉంటాను. ట్యాంక్‌గా గిరి గారు వస్తామన్నారు. శేషు గారు కత్తి తెచ్చుకోండి, వైట్ మేజ్ పని నేను చూసుకుంటాను.